అత్తయ్యగారి ఊట

ఈ వేసవిలో మాగాయ నేనొక్కదాన్నే పెట్టాను. మా అత్తయ్యగారు పక్కన కుర్చీలో కూర్చుని, “ఇంకో గుప్పెడు ఉప్పు వెయ్యవే, లేకపోతే ఊట రాదు” అంటూ పెట్టించారు. ఆవిడ మాత్రం ముక్క నోట్లో పెట్టుకోకూడదు. కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి.

ఆరు నెలల క్రితం డాక్టరుగారు ఇంట్లోనే చేసుకునే డయాలిసిస్ గురించి చెప్పారు. పొట్టలో సన్నటి గొట్టం అమర్చి, దాంట్లోంచి 2 లీటర్ల గ్లూకోజు నీళ్ళు ఎక్కించాలి. నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచి, తీసేసి, మళ్ళీ కొత్తవి. రోజుకి మూడు నాలుగు సార్లు. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. “ఒంట్లో నీరు ఎక్కువై కాళ్ళు వాచిపోతుంటే మళ్ళీ నీళ్ళు పోస్తారా? ఎక్కడైనా ఉందా?”

నిజం చెప్పొద్దూ, నాదీ అదే అనుమానం. డాక్టరుగారు ఆస్మాసిస్, డిఫ్యూజన్ అంటుంటే తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం తీసి చదువుకుంటే, మన మాగాయ జాడీ గుర్తొచ్చింది.

మామిడి ముక్కల్లో మనం చుక్క నీళ్ళు పొయ్యం కదా! ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులుంచితే అంత ఊట ఎక్కణ్ణుంచి వస్తుంది? ముక్కలోని ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది. బయట ఉప్పు ఎక్కువ కాబట్టి లోపలి నీరు ఆ పొర దాటి వచ్చేస్తుంది. అదే ఆస్మాసిస్. ఉప్పేమో ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న ముక్కలోకి మెల్లగా పాకుతుంది. అదే డిఫ్యూజన్.

మర్నాడు అత్తయ్యగారికి ఇదే చెప్పాను. “మీ పేగుల చుట్టూ ఒక పొర ఉంది, దాని నిండా సన్నటి రక్తనాళాలు. ఇక్కడ ఉప్పు బదులు చక్కెర. అది ఒంట్లో ఎక్కువైన నీటిని లాగుతుంది. రక్తంలో పేరుకున్న యూరియా లాంటి మలినాలు కూడా మలినం లేని ఈ నీళ్ళలోకి వచ్చేస్తాయి. కాసేపటికి చక్కెర కొంత రక్తంలోకి పోయి లాగే బలం తగ్గిపోతుంది, అందుకే పాత నీళ్ళు తీసేసి కొత్తవి ఎక్కిస్తారు.”

ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే నన్ను మాగాయ పెడతారన్నమాట. ఎండలో మాత్రం పెట్టకండి” అన్నారు. ఆరోజు ఎన్నాళ్ళకో ఇద్దరం నవ్వుకున్నాం.

తడి చెయ్యి జాడీలో పెడితే ఊరుకోని మనిషి కదా, శుభ్రం సంగతి నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. మాస్కు, సబ్బుతో చేతులు, తలుపులు వేసి ఫ్యాను ఆపడం... అన్నీ ఆవిడే గుర్తుచేస్తారు. రెండు నెలల క్రితం ఓ పొద్దున్న బయటికొచ్చిన నీళ్ళు చూసి, “అమ్మాయ్, ఊట తేటగా లేదు” అన్నారు. నేను గమనించనేలేదు. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాం. పొట్టలో ఇన్ఫెక్షన్ మొదలైందట. తొందరగా వచ్చారు కాబట్టి మందులకి లొంగింది అన్నారు.

నిన్న జాడీకి వాసెన కడుతుంటే ఒకసారి దగ్గరికి తెమ్మని, కళ్ళు మూసుకుని వాసన చూశారు. “బాగా కుదిరింది” అన్నారు. నాకు గొంతు పట్టేసింది. సాయంత్రం సంచీ తూకం వేస్తుంటే ఆవిడే అడిగారు.

“ఇవాళ నా ఊట ఎంత?”

“2 లీటర్లు పోస్తే 2 లీటర్ల 300 మిల్లీలీటర్లు వచ్చింది అత్తయ్యగారూ. తేటగా ఉంది.”

“మరింకేం!” అన్నారు, కాళ్ళు చాపి వాపు చూసుకుంటూ.