డకోటా కింద నూనె మరక

పాత హవాయి జహాజ్‌లను కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించేవాళ్లు దునియా అంతా ఉన్నారు. జీతం లేదు, పేరు లేదు, చాలామందికి ఈ పనివల్ల ఇంట్లో ఇజ్జత్ కూడా లేదు. మనం ఇషా చదువుకుని అన్నం తిని నడుం వాల్చే వేళకు వాళ్లు ఒక చక్రమో, ఒక కిటికీ చట్రమో, రెక్క మీది ఒక రివెట్ల వరసో గీస్తూ కూర్చుంటారు. ఒక్క విమానానికి రెండేళ్లు, మూడేళ్లు పడుతుంది. తయారయ్యాక చాలామంది ముఫ్త్‌గానే పెట్టేస్తారు. ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్న ఎవరైనా దించుకుని ఎగరేసుకోవచ్చు.

ఈ షౌక్ నాకు పట్టి పదిహేనేళ్లు దాటింది. నేను విమానం కట్టేవాణ్ని కాదు. ఇంకొకరు కట్టినదానికి రంగులు వేసేవాణ్ని. దాన్ని రీపెయింట్ అంటారు. డెస్క్ డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. వెంటనే నిద్ర రాదు. ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు. శబ్దం లేకుండా చేసుకునే పని ఇదొక్కటే దొరికింది.

మా ఉర్దూ మీడియం కితాబ్‌లో విమానాన్ని తయ్యారా అని రాసేవారు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనేవాళ్లు కాదు. అమ్మీకి సముద్రం మీద పోయేదీ జహాజే, ఆకాశంలో పోయేదీ జహాజే. తర్వాత తెలుగు డిగ్రీలో చేరితే అది విమానమైంది, వెంట పుష్పకం కూడా వచ్చింది. ఇన్ని పేర్లున్నా, మా ఖాందాన్‌లో దాన్ని చేత్తో ముట్టుకుని పనిచేసింది ఒక్కరే. మా పెద్ద మామూ. ఆయన మాత్రం తయ్యారా అనడు, జహాజ్ అనడు, విమానం అనడు. డకోటా అంటాడు.

డకోటా అసలు పేరు డీసీ-3. అమెరికాలో డగ్లస్ కంపెనీ చేసింది. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. రెండు ఇంజన్లు, ఒక్కోదానిలో గుండ్రంగా రెండు వరసల్లో అమర్చిన పద్నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 1200 హార్స్ పవర్. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక దానికే వెనకవైపు పెద్ద తలుపులు పెట్టి, నేల గట్టిచేసి, సైన్యం సామాను మోసేదిగా మార్చారు. అదే సీ-47. డకోటా అని పిలిచింది ఇంగ్లిష్‌వాళ్లు. పదివేలకు పైగా తయారయ్యాయి. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన వాటిలో ఇవీ ఉన్నాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయినవి సస్తాగా అమ్ముడుపోయాయి. బెంగళూరు హెచ్ఏఎల్‌లో వాటికి సీట్లు బిగించారు. ఆ జమానాలో పుట్టిన విమాన కంపెనీలన్నీ ఇంచుమించు ఈ మిగులు డకోటాల బర్కతే.

అందులో ఒకటి మనది. డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం సర్కార్, టాటాలు కలిసి 1945లో పెట్టారు. అడ్డా బేగంపేట. దేశంలో వేరే కంపెనీలు ఆడమనిషి విమానం నడపడమేంటని తిప్పి పంపితే ప్రేమ్ మాథుర్‌కు నౌకరీ ఇచ్చింది ఈ కంపెనీయే. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ పేరు చెరిగిపోయింది. మనుషులు, డకోటాలు మాత్రం ఉన్నచోటే ఉండి కొత్త పేరుతో పనిచేశారు. బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో ఆగిపోయాయి. ఇప్పుడు ఆ గోడ పక్కనుంచి పోయే పిల్లలకు డెక్కన్ ఎయిర్‌వేస్ అంటే ఏదో బిర్యానీ హోటల్ పేరులా వినిపిస్తుంది.

సిమ్యులేటర్‌లో డకోటాను దించడం అంటే బొమ్మ గీయడం అనుకుంటారు. బొమ్మ గీయడం అందులో ఆసాన్ భాగం. యుద్ధకాలపు పైలట్ మాన్యువల్స్ దొరుకుతాయి, కొలతలు దొరుకుతాయి. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ ముఫ్త్. రెక్క ఆ కొస నుంచి ఈ కొసకు 95 అడుగులు అని తెలిస్తే 95 అడుగులు గీస్తాం. ముష్కిల్ అంతా దాని మిజాజ్ పట్టుకోవడంలో ఉంది. డకోటాకు మూడో చక్రం తోక కింద ఉంటుంది. నేల మీద నిలబడితే ముక్కు ఆకాశంలోకి లేచి ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఎదర ఏముందో పైలట్‌కు సరిగా కనపడదు, అటూ ఇటూ వంకర్లు తిప్పుకుంటూ పోవాలి. థ్రాటిల్ తోయగానే ఎడమవైపు లాగుతుంది. కాళ్లతో పట్టి ఉంచకపోతే రన్‌వే దిగి గడ్డిలోకి పోతుంది. జెట్ విమానంలాగా గీత గీసినట్టు తిన్నగా పరిగెత్తే డకోటాను ఎవరైనా చేసి పెడితే, అది ఎంత అందంగా ఉన్నా తెలిసినవాళ్లు రెండోసారి ముట్టుకోరు. చక్రాలు పైకి మడిచాక కూడా సగం బయటే వేలాడుతుంటాయి. వానలో కాక్‌పిట్ కారుతుంది, పైలట్ మోకాళ్ల మీద నీళ్లు పడతాయి. అద్దం మీద చినుకులు జారడం వరకు మావాళ్లు చేయగలిగారు. మోకాళ్లు తడపడం ఇంకా రాలేదు.

రంగుల సంగతికొస్తే అదో వేరే జంజాటం. ఆ కాలపు తస్వీర్లన్నీ బ్లాక్ అండ్ వైట్. నలుపు నలుపే కదా అనుకోకండి. పాతకాలపు ఒక రకం ఫిలింకు ఎరుపు కనపడదు, ఎర్ర గీతను నల్లగా చూపిస్తుంది. నీలాన్ని తెల్లగా చూపిస్తుంది. అంటే ఫొటోలో నల్లగా కనిపించే పట్టీ ఎరుపు కావచ్చు, ముదురు ఆకుపచ్చ కావచ్చు, నిజంగానే నలుపూ కావచ్చు. ఫిలిం ఏదో తెలియకుండా రంగు చెప్పేవాడి మాట నేను నమ్మను. మావాళ్లు ఒక తోక మీది పట్టీ గురించి నెలల తరబడి బహస్ చేసుకుంటారు. బయటివాళ్లకు నవ్వొస్తుంది. నాకు రాదు. ఒక కంపెనీ పేరే చెరిగిపోయాక దాని రంగు కూడా పోనివ్వమంటే ఎట్లా?

మామూకు ఎనభై దాటాయి. ఇరవై ఏళ్ల వయసులో బేగంపేటలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో హెల్పర్‌గా చేరాడు, తర్వాత మెకానిక్ అయ్యాడు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ డెక్కన్ ఎయిర్‌వేస్ నుంచి వచ్చిన మనిషి. ఇంజన్ల పక్కన చెవులకు ఏ అడ్డూ లేకుండా ఏళ్లకేళ్లు నిలబడినందుకు మామూకు ఇప్పుడు వినపడదు. మెషీన్ పెట్టుకుంటాడు, అదీ మూడొచ్చినప్పుడే. పోయిన రంజాన్ తర్వాత ఒక జుమ్మా నాడు లాప్‌టాప్, పెద్ద స్పీకర్ పట్టుకుని వాళ్లింటికి పోయాను. ఇంకా రంగు వేయని డకోటాను, కట్టినాయన పంపింది పంపినట్టే, బేగంపేట రన్‌వే మీద నిలబెట్టి చూపించాను.

మామూ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఇత్నా సాఫ్? యే తో షోరూమ్‌కా హై. కభీ ఉడాఇచ్ నై."

ఎప్పుడూ ఎగరలేదట! ఇంజన్ కింద రెక్క మీద నూనె చారలు ఏవని అడిగాడు. నేల మీద మరక ఏదని అడిగాడు. వాళ్ల ఉస్తాద్ మాట ఒకటి చెప్పాడు. తేల్ కారకపోతే సంతోషపడకు మియా, లోపల తేల్ అయిపోయిందేమో చూడు అనేవాడట.

స్టార్ట్ చేయమన్నాడు. నేను కీబోర్డ్ మీద రెండు మీటలు నొక్కాను. ప్రొపెల్లర్లు తిరిగాయి. మామూ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించాడు. వినలేడు కాబట్టి చేత్తో పట్టుకుంటున్నాడు. కాసేపటికి తల ఊపాడు. ఈ వణుకు ఠీక్ ఉంది, కానీ నువ్వు దాన్ని చంపేశావు అన్నాడు. రెక్కలు తిప్పకుండా ఎవడైనా స్టార్ట్ చేస్తాడా?

అప్పుడు మొదలుపెట్టాడు. రాత్రంతా నిలబడిన ఇంజన్‌లో నూనె దిగిపోయి కింది సిలిండర్లలో చేరుతుంది. నూనె నలగదు. అట్లాగే స్టార్టర్ కొడితే పిస్టన్ ఆ నూనెను గుద్దుకుని లోపలి రాడ్ వంగిపోతుంది. వంగిన సంగతి అక్కడికక్కడ తెలియదు, పైన గాల్లో తెలుస్తుంది. అందుకని ఫజర్ వేళకే ఇద్దరు మనుషులు ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని ఒకటి తర్వాత ఒకటి చేత్తో లాగాలి. ఒక్కో ప్రొపెల్లర్‌కు మూడు రెక్కలు. మామూ ఉస్తాద్ లెక్క తొమ్మిది, ఎండ లేని రోజుల్లో పన్నెండు. లాగేటప్పుడు ఎక్కడైనా బిగిసినట్టు అనిపిస్తే బలం చేయొద్దు. ఆగాలి. కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి నూనె కారిపోనివ్వాలి. "జోర్ నక్కో. హాథ్‌కు మాలూమ్ పడ్తా." చేతికి తెలుస్తుంది. చలికాలంలో ఆ అల్యూమినియం రెక్క అరచేతికి ఎట్లా అంటుకునేదో చూపించడానికి నా చెయ్యి పట్టుకుని బిగించాడు. ఎనభై దాటిన పట్టు కాదది.

ఈ సంగతి మాన్యువల్స్‌లోనూ ఉంటుంది, ఒకటి రెండు వాక్యాల్లో. ఎవరు లాగేవాళ్లు, ఎంత చీకటితో లాగేవాళ్లు, నిప్పు ఆర్పే సిలిండర్ పట్టుకుని ఇంజన్ ఎదురుగా ఎవరు నిలబడేవాళ్లు, పొగ నీలంగా వస్తే ఏమనేవాళ్లు, నల్లగా వస్తే ఏమనేవాళ్లు, అవి లేవు.

మామూ తర్వాత అడిగిందే నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వడం లేదు. లోపల చూపించమన్నాడు. చూపించాను. సీట్లు, కిటికీలు, కర్టెన్ల కుట్లు సహా ఉన్నాయి. "ఆద్మియాఁ కిధర్ హైఁ రే?" అన్నాడు. మనుషులేరి?

మనుషులు ఉన్నారు, వేరే పేజీలో. దాన్ని పేలోడ్ అంటారు. అందులో ఒక్కో సీటుకు ఒక్కో అంకె. చాలా మోడళ్లలో 170 పౌండ్లు, అంటే 77 కిలోలు. ముసలమ్మా 77, పైల్వానూ 77. విమానం సరిగా లేవడానికి ఆ హిసాబ్ చాలు. కానీ డకోటా తారీఖ్ తెలిసినవాళ్లకు ఆ పేజీ గుచ్చుకుంటుంది. 1947 సెప్టెంబర్‌లో ఢిల్లీ, కరాచీల మధ్య బీఓఏసీ విమానాలు వేలమందిని మోశాయి. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. పంఖాల హోరులో ఒళ్లో పిల్లల్ని పట్టుకుని, ఇంటి తాళంచెవి కొంగుకు కట్టుకుని కూర్చున్నవాళ్లు ఎంత బరువు? ఆ ఏడే అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ జవాన్లను శ్రీనగర్‌లో దించినవీ డకోటాలే. అందులో వైమానిక దళంవే కాదు, సివిల్ కంపెనీలవీ ఉన్నాయి. ఆ రోజు మొదట దిగిన డకోటా నంబరు వీపీ 905. 2018లో రాజీవ్ చంద్రశేఖర్ ఒక పాత డకోటాను బాగుచేయించి వైమానిక దళానికి ఇస్తే, దాని మీద అదే నంబరు రాశారు. ఆయన తండ్రి డకోటా పైలట్. అదీ ఒక రీపెయింటే, కాకపోతే నిజంగా ఎగురుతుంది.

ఇండొనేసియాలో అచే ముసల్మాన్‌లు 1948లో బంగారం పోగుచేసి ఇస్తే, ఆ పైసలతో కొన్న డకోటాకు స్యులావా అని పేరు పెట్టారు. బంగారు కొండ అని మత్‌లబ్. నంబరు ఆర్ఐ-001. అది మరమ్మతుకు కలకత్తా వచ్చి ఉండగానే డచ్చివాళ్లు అక్కడ రాజధాని మీద పడ్డారు. జహాజ్ ఇంటికి పోలేక బర్మాలో కిరాయికి తిరిగి పైసలు సంపాదించింది. దాని మీదికెక్కింది ఎంతమంది బీబీల గాజులో ఏ పేలోడ్ పేజీలో రాయాలి?

మన ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునే కిస్సా కూడా ఒకటుంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం సైన్యానికి హథ్యార్లు తెచ్చేవాడు. లాంకాస్ట్రియన్ అంటే బాంబులు వేసే లాంకాస్టర్‌నే మార్చి ప్రయాణికులకు పనికొచ్చేట్టు చేసినది. దాన్నీ సిమ్యులేటర్‌లో ఎగరేయొచ్చు. పొట్టలో ఏముందో అది అడగదు, బరువెంతో చెప్తే చాలు. ఆ బరువులు ఎవరిని కాపాడాయో, సెప్టెంబర్ తర్వాత ఎవరి మీద పడ్డాయో మన దాదీలు, నానీలు చెప్పారు కదా.

"అబ్బా, అది గేమే కదా" అంటాడు మా అబ్బాయి. గేమే. కానీ వందేళ్ల తర్వాత డకోటా ఎట్లా ఉండేదో ఎవరికైనా కావలిస్తే ఈ గేమ్‌లోనే వెతుకుతారని నా అనుమానం. మ్యూజియంలో నిలబెట్టినదానికి రూపం ఉంటుంది, ఎడమవైపు లాగదు. అందుకే దీంట్లో ఏం పెడతామన్నది నాకు చిన్న విషయంగా తోచదు.

డెక్కన్ ఎయిర్‌వేస్ రంగుల పని ఇంకా సాగుతోంది. ఇంజన్ల వెనక నూనె చారలు వేశాను. మామూ మూడుసార్లు తిప్పి పంపాడు. నూనె గాలికి వెనక్కి పాకుతుంది, చుక్కలుగా పడదు, కింది రెక్క ఎక్కువ నల్లబడుతుంది అని వేలితో స్క్రీన్ మీద గీసి చూపించాడు. విమానం కట్టినాయనది వేరే దేశం. ఆయనకు మామూ మాటలు ఇంగ్లిష్‌లో రాసి పంపితే, స్టార్ట్ చేసే ముందు రెక్కలు లాగే పనిని మోడల్‌లో పెడతానన్నాడు. లాగకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ ఖరాబ్ అవుతుంది. విమానంతో పాటు వెళ్లే కాగితంలో ఆ తొమ్మిది రెక్కల లెక్క ఉర్దూలో, తెలుగులో కూడా ఉంటుంది. ఎవరు చదువుతారని అడక్కండి. మామూ మాటలు ఇప్పటికి నాలుగు గంటలు రికార్డ్ చేశాను. వచ్చే జుమ్మాకు ఆయన ఉస్తాద్ చెప్పిన నాగ్‌పూర్ కిస్సా మొదలుపెడతానన్నాడు. 1949లో మొదలైన రాత్రి టపా విమానాలు నాలుగు షహర్ల నుంచి వచ్చి అర్ధరాత్రి అక్కడ కలుసుకుని, ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి వెనక్కి పోయేవి.

మీ ఇంట్లో కూడా పాత ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. బేగంపేటలో డ్రైవర్‌గానో, లోడర్‌గానో, కాంటీన్‌లో చాయ్ పోసేవాడిగానో పనిచేసిన తాతో, నానో ఉండొచ్చు. ఆయన వెనక విమానం తోక కొంచెం కనిపించే ఫొటో దొరికితే, ముందు దాన్ని వెనక్కి తిప్పండి. ఆ కాలంవాళ్లు తారీఖు వెనకవైపు రాసేవాళ్లు. తర్వాత, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి తోక మీది గీత రంగేమిటని అడగండి. గుర్తులేదంటే ఆ పక్కన నిలబడ్డదెవరని అడగండి.