పేరు కాదు సార్... కొలత చెప్పండి!

భోగికి ఇంకా వారం ఉంది. ఆదివారం పొద్దున్నే బూజుకర్ర నేనూ, దుమ్ము మిషన్ అమ్మా పట్టుకుని ఇల్లు దులపడం మొదలెట్టాం. ముందు గది అయిపోయింది. పడగ్గదిలో పరుపు మీద పెట్టగానే మిషన్ కీచుమని అరిచింది. వెనక జాలీలోంచి నీలంగా మెరుపులు, కాలిన వాసన... ఆ తర్వాత చప్పుడు లేదు. అది 2024 జనవరి 7.

దుమ్ము మిషన్ అంటే వ్యాక్యూమ్ క్లీనరే. మా ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైపోయింది. 1997లో కొన్నాం. మెడలో టై కట్టుకున్న కుర్రాడొకడు ఎండలో చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చి, ‘కొనక్కర్లేదు సార్, చూడండి చాలు’ అన్నాడు. మా పరుపు మీదే మిషన్ తిప్పాడు. పైపుకి అడ్డంగా పెట్టిన నల్లగుడ్డ తీసి చూపించాడు. దాని మీద పిండిలాంటి దుమ్ము! ‘మీరు రోజూ దీని మీదే పడుకుంటున్నారు మేడమ్’ అన్నాడు. అమ్మకి అప్పటికే ఉబ్బసం. నాన్న మారుమాట్లాడకుండా ఆరు వాయిదాలకి సంతకం పెట్టేశారు. యురేకా ఫోర్బ్స్ 1982లో మొదలై, ఇలా ఇంటింటికీ మనుషుల్ని పంపి అమ్మడాన్ని మన దేశానికి బాగా అలవాటు చేసింది. మాది వాళ్ల మిషన్ కాదు, అదే బాటలో వచ్చిన ఇంకో కంపెనీది. పేరెందుకు లెండి!

నాన్న 2011లో పోయారు. మిషన్ మాత్రం నడుస్తూనే ఉంది. చీపురు పడితే అమ్మకి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇన్‌హేలర్ దిండు కింద పెట్టుకోవాల్సిందే. అందుకని పండగకి ముందు మిషన్ ఆగిపోయిందంటే మా ఇంట్లో అది చిన్న సంగతేం కాదు.

సోమవారం సర్వీసు సెంటర్‌కి పట్టుకెళ్లాను. అక్కడి అబ్బాయి మోడల్ నంబరు కంప్యూటర్‌లో కొట్టి, తల అడ్డంగా ఊపాడు. ‘ఇది సిస్టమ్‌లోనే లేదు సార్. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి, కొత్తదాని మీద ఏడొందలు తగ్గుతుంది’ అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు లాగింది. కొత్తవి తేలిగ్గా ఉన్నాయి, వైరు లేనివి కూడా వచ్చాయి. ఇంటికొచ్చి ఆ మాటంటే అమ్మ కాదనలేదు. ‘తేవాలంటే తే. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకు’ అంది. దాంతో నేను కొత్తది తెచ్చే ఆలోచన మానుకుని మంగళవారానికి సెలవు పెట్టాను.

కోఠిలో ఎనిమిదో కొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి నడక దూరమే. తొందరపడి వెళ్లి లాభం లేదు. పదకొండు కానిదే షట్టర్లు లేవవు. కోఠీ అంటే పెద్ద భవంతి. కర్క్‌ప్యాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ ఇక్కడే ఉంది. తర్వాత అందులోనే మహిళా కళాశాల నడిచింది. మనం వెళ్లాల్సింది మాత్రం ఆ దర్జా వైపు కాదు, గుజరాతీ గల్లీ వైపు. స్పీకర్లు, యాంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు, రిమోట్ల గుట్టలు, రెండు వైపులా అవే కొట్లు. మనిషికి మనిషి తగలకుండా నడవడం కష్టం.

మొదటి కొట్లో కంపెనీ పేరు చెప్పి కార్బన్లు ఉన్నాయా అని అడిగాను. లేవన్నాడు. రెండో కొట్లో అదే జవాబు. మూడో కొట్టతను ‘ఆ కంపెనీ ఇంకా ఉందా?’ అని నన్నే అడిగాడు! ఇలా ఏడు కొట్లు అయ్యాయి. ఎనిమిదో కొట్లో కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, ‘పేరు నేనేం చేసుకోను సార్? కొలత చెప్పండి’ అన్నాడు.

నా దగ్గర కొలత ఎక్కడిది? మిషన్‌ని అసలు విప్పితే కదా! ఆయనే ట్రూప్ బజార్ వెనక సందులో ఉన్న ఒక వైండింగు షాపు గుర్తులు చెప్పి పంపాడు.

అదొక ఆరడుగుల గది. గోడ నిండా రాగితీగ చుట్టలు, నేల నిండా విప్పిన మిక్సీలు. వాటి మధ్య పీట మీద కూర్చున్న పెద్దాయన్ని అందరూ చాచా అంటున్నారు. నేనూ అదే పిలిచాను. అయిదు నిమిషాల్లో మోటారు బయటికి తీశాడు. రెండు నల్లటి ముక్కలు నా అరచేతిలో పెట్టాడు. ఒకటి వేలి గోరంత మిగిలింది, రెండోది దాదాపు లేనట్టే.

‘ఇవే సాబ్ కార్బన్లు. తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు వీటి మీంచే పోతది. రాసుకుని రాసుకుని అరిగిపోతయ్. అరిగితే మెరుపులొస్తయ్’ అని వివరించాడు. సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరిగితే ఈ మోటారు 20 వేలకి పైనే తిరుగుతుందట. మిక్సీలో, డ్రిల్లింగ్ మిషన్‌లో ఉండేదీ ఈ జాతి మోటారే. అందుకే అవన్నీ అదే గోల పెడతాయి. రాగి పట్టీల మీద పట్టిన మసిని గరుకు కాగితంతో తుడిచి, ‘నసీబున్నది. ఇంకో వారం తిప్పుంటే ఆర్మేచర్ పోతుండె. అది పోతే వైండింగు ఖర్చు చూసి మీరే పారేస్తరు’ అన్నాడు.

ఇంటికి వచ్చాక లెక్క వేశాను. వారానికి అరగంట చొప్పున 27 ఏళ్లంటే దాదాపు 700 గంటలు. యూరప్ దేశాల్లో వ్యాక్యూమ్ క్లీనర్ మోటారు కనీసం 500 గంటలు పనిచేయాలనీ, పైపు 40 వేలసార్లు వంగినా చిరగకూడదనీ 2017 సెప్టెంబరు నుంచి నిబంధన పెట్టారు. ఆ లెక్కన మా మిషన్ పాసైనట్టే! మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం రోజున, రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు రిపేరు వివరాలు, విడిభాగాల సంగతులు అందులో ఉంచాలన్నది ఉద్దేశం. మంచిదే. కాకపోతే 1997 నాటి మిషన్లకి ఇప్పటికీ చాచాలే దిక్కు.

పాత కార్బన్ మందం, వెడల్పు చాచా వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసిచ్చాడు. మళ్లీ ఎనిమిదో కొట్టుకి వెళ్లాను. పెద్దాయన పిప్పరమెంట్ల డబ్బాలాంటి దాంట్లో చెయ్యి పెట్టి ఒక జత తీశాడు. గ్రైండింగ్ మిషన్‌వి. కాస్త పెద్దవే, అయితేనేం? గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దితే సరిపోయాయి. జత అరవై రూపాయలు. కార్బన్ ఎప్పుడు మార్చినా రెండూ ఒకేసారి మార్చాలి. కొత్తవి పట్టీల మీద కుదురుకునే దాకా మొదట్లో కాస్త మెరుపులొస్తాయి, భయపడక్కర్లేదు. గూట్లో బిగుసుకోకుండా స్ప్రింగు నొక్కుకి జారుతున్నాయో లేదో మాత్రం చూసుకోవాలి.

బేరింగుకి రాణిగంజ్

‘కీచుమన్నది కార్బన్ కాదు సాబ్, బేరింగు’ అన్నాడు చాచా. అది కోఠిలో కాదు, రాణిగంజ్‌లో దొరుకుతుందట. బుధవారం సికింద్రాబాద్ బస్సెక్కాను. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలై అప్పటికి నెలే అయింది. బస్సు కిటకిటలాడుతోంది. ట్యాంక్‌బండ్ దాటేదాకా ఒంటికాలి మీదే నిల్చున్నాను.

రాణిగంజ్ కోఠిలా అరవదు. ఇక్కడ కొట్లలో గొలుసులు, బెల్టులు, పంపులు, నట్లు, బోల్టులు. బేరాలు కూడా తక్కువ మాటల్లోనే తెగిపోతాయి. నేను ‘608 జెడ్‌జెడ్, రెండు’ అన్నాను. కొట్టతను తలెత్తకుండానే ‘జపానుదా, మామూలుదా?’ అన్నాడు. అంతే! కంపెనీ పేరు లేదు, మోడల్ లేదు. 608 అంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయట 22, మందం 7. ప్రపంచంలో ఏ మూల కొన్నా ఇదే కొలత. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత ఉన్నది. పిల్లల స్కేటింగ్ చక్రాల్లో తిరిగేదీ ఇదే. ఇరవై ఏడేళ్లుగా మా ఇంట్లో తిరుగుతున్నది ఇదని ఆ రోజు దాకా నాకు తెలియదు. రెండూ కలిపి రెండొందలు దాటలేదు. పేరున్న కంపెనీల నకిలీలు కూడా వస్తుంటాయి కాబట్టి బిల్లు ఇచ్చే కొట్లోనే తీసుకోండి.

అదే వీధిలో పైపు కూడా దొరికింది. మా పైపు మెడ దగ్గర చీలితే అమ్మ ఏళ్లుగా టేపు చుట్టి నెట్టుకొస్తోంది. అక్కడ 32 మిల్లీమీటర్ల మరపైపు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. రెండు చివరలా ఉండే ప్లాస్టిక్ మూతులు మాత్రం పాతవే వాడుకోవాలి. చాలా పైపుల్లో వాటిని అతికించరు, మరలా తిప్పి ఎక్కిస్తారు. మాది మామూలు స్క్రూకి ఎదురు దిక్కున తిరిగింది. నేను తెలియక అరగంట కుస్తీ పట్టాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఒళ్లో పైపు చుట్ట పెట్టుకుని కూర్చుంటే, ఈ మిషన్ పుట్టుక గురించి ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన యంత్రం గుర్రబ్బండి మీద వచ్చేది. అది వీధిలోనే ఆగితే, పైపుల్ని కిటికీల్లోంచి ఇంట్లోకి పంపేవారు. ఇంట్లో పెట్టుకునే చిన్న మిషన్‌కి దారి చూపింది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్యాంటన్ ఊళ్లో ఊడ్చే పని చేసుకునే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకీ ఉబ్బసమే! ఊడ్చినప్పుడల్లా ఊపిరాడక, ఒక ఫ్యాను మోటారు, సబ్బుపెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తంటాలు పడి మిషన్ తయారుచేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ కుటుంబం కొనుక్కుంది. అంటే, మొదటి మిషన్‌కే సొంత విడిభాగాలు లేవన్నమాట!

కొలతకి అందనిది

బుధవారం సాయంత్రం చాచా పుల్లర్‌తో పాత బేరింగులు లాగి కొత్తవి ఎక్కించాడు. మోటారు తిరిగింది. మెత్తటి శబ్దం. నా ఆనందం అయిదు నిమిషాలే. ఆదివారం కంగారులో మిషన్ మూత తెరవబోయి కొక్కెం విరగ్గొట్టాను. ఆ కొక్కెం లేకపోతే మూత బిగుసుకోదు. మూత బిగియకపోతే గాలంతా సందులోంచి పోతుంది, పైపు దగ్గర లాగడం ఉండదు. టేపు వేసి చూశాం. రెండు నిమిషాల్లో ఊడింది. చాచా ఆ ప్లాస్టిక్ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి చేతిలో పెట్టేశాడు.

‘దీనికి కొలత లేదు సాబ్. దీని అన్ననో తమ్ముడో ఎక్కడన్న చచ్చి పడుండాలె. రేపు జుమ్మెరాత్ బజార్ పోయి చూడుండ్రి.’

జుమ్మెరాత్ అంటే గురువారం. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే ఈ పాత సామాన్ల సంతని చోర్ బజార్ అని కూడా అంటారు. పురానాపూల్ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన. మూసీ మీద మొట్టమొదటిది అదే. దానికి కాస్త దూరంలో నేల మీద పరిచిన సంచుల మీద ఏముంటాయని అడక్కండి, ఏం లేవో అడగండి. ఒంటి చెప్పులు, గడియారాలు, కుళాయిలు, టీవీ లోపలి బోర్డులు, తాళం లేని చెవులు, చెవి లేని తాళాలు. పొద్దున్నే వెళ్లాలి. జేబు మీద ఒక చెయ్యి ఉంచుకోవాలి. ఇక్కడ దొరక్కపోతే ఆదివారం ఎర్రగడ్డ సంత ఉందిగానీ, మా భోగి కూడా ఆదివారమే!

రెండు గంటలు తిరిగాను. చిన్నా పెద్దా వ్యాక్యూమ్ క్లీనర్లు ఆరేడు కనిపించాయి, ఏదీ మాది కాదు. ఎండెక్కింది. వెనక్కి మళ్లబోతుంటే ఒక కూలర్ కింద ఎర్రటి మూత కనపడింది. మాది నీలం, ఇది ఎరుపు. అంతే తేడా! వైరు లేదు, ఒక చక్రం లేదు. కొక్కెం మాత్రం భేషుగ్గా ఉంది. కొక్కెం ఒక్కటే ఇమ్మంటే నవ్వాడు. ‘తీస్కుంటే మొత్తం తీస్కో అన్నా.’ ఆరొందలతో మొదలైన బేరం రెండొందల యాభై దగ్గర ఆగింది.

ఇంటికి తెచ్చి వరండాలో విప్పాను. ఎవరింటిదో, సంచీలో దుమ్ము అలాగే ఉంది. ముగ్గుపిండి, చమ్కీలు, ఒక పిన్నీసు, పిల్లలు చెక్కిన పెన్సిల్ పొట్టు. అమ్మని లోపలికి వెళ్లమని, ముక్కుకి గుడ్డ కట్టుకుని చెత్తంతా కాగితంలో పొట్లం కట్టేశాను. రెండు స్క్రూలు విప్పితే కొక్కెం ఊడి వచ్చింది. మా నీలం మూతకి అచ్చంగా అతికింది.

శుక్రవారం అమ్మ గాడా గుడ్డతో కొత్త సంచీ కుట్టింది. నేత మరీ పల్చనైతే దుమ్ము తిరిగి గదిలోకే వస్తుంది, మరీ దళసరైతే గాలాడక మోటారు వేడెక్కుతుంది. పాత సంచీని పక్కన పెట్టుకుని, రెండు గుడ్డల్నీ నోటితో ఊది పోల్చుకుంది. ఉబ్బసం మనిషి ఊది చూడటమేంటని కోప్పడ్డాను, వినలేదు.

శనివారం పడగ్గదితోనే మళ్లీ మొదలెట్టాం. స్విచ్చి వేయగానే అమ్మ ఒక క్షణం ఆగి విని, ‘గొంతు మారింది దీనికి’ అంది. అయినా మధ్యాహ్నానికల్లా ఇల్లంతా అయింది. ఆ రాత్రి ఇన్‌హేలర్ తీయాల్సిన పని పడలేదు.

ఎర్ర మిషన్‌ని పాతసామాన్ల వాడికి వేసేద్దామంటే ఒప్పుకోలేదు. ‘ఉన్న మూడు చక్రాలూ, స్విచ్చీ బాగానే ఉన్నాయిగా, అటకెక్కించు’ అంది. నేను నిచ్చెనెక్కుతుంటే కింద నుంచి అడిగింది, ఎంతకి తెచ్చావని. చెప్పాను.

‘రెండొందల యాభైయా? మీ నాన్నయితే వందకి తెచ్చేవారు!’