తాళము చెప్పిన సాక్ష్యము

మేడ్చల్‌లో మా యింటి వీధితలుపునకు చాలకాలము ఒక చవుక తాళపుకప్ప వ్రేలాడెను. నొక్కినంతనే పడును, తీయుటకే చెవి కావలెను. చెవులు రెండు. ఒకటి మాయొద్దను, రెండవది అంట్లు తోమవచ్చు ఆమెయొద్దను ఉండెడివి. ఒకమారు శామీర్‌పేటలోని బంధువుల యింట రాత్రి యుండి మరునాడు వచ్చి చూడగా, గూటిలో పెట్టిన నాలుగువేల రూపాయలు లేవు. తాళము మాత్రము వేసినది వేసినట్లే యున్నది. సొట్ట లేదు, గీత లేదు.

తర్కము చదివినవాడను గనుక నాకు నిర్ణయము క్షణములో కుదిరెను. తాళము పగులలేదు, కావున చెవితోనే తీసిరి, రెండవ చెవి ఆమెకడ నున్నది. పొగను జూచి నిప్పు నూహించుటకూడ ఇంత సులభము గాదు. నేను దొంగ యనలేదు. "ఆ చెవి యిచ్చివేయుము" అని మాత్రమంటిని. ఆమె కొంగుముడి విప్పి, చెవిని గడపమీద పెట్టి, "సరే సారూ" అని పోయినది. మరల రాలేదు. గట్టిగా మాటలాడకుండుట నా మర్యాద యని అప్పుడు తలచితిని!

రెండు నెలలకు, చెవులు రెండును లోపలనే మరచి, తాళము నొక్కి వీధిలో నిలిచితిని. శామీర్‌పేట బాటప్రక్కను తాళములు బాగుచేయు ముసలివానిని పిలుచుకొని వచ్చితిని. అతడు సన్నని రేకుముక్క నొకదానిని కమ్మి ప్రక్కగా లోనికి జొనిపి కొంచెము త్రిప్పెను. కప్ప నోరు తెరచినది. "దీనికి చెవెందుకు సారూ? నొక్కితే పడేది నొక్కితేనే వస్తది" అని నవ్వెను. లోపల స్ప్రింగు ఒక చిన్న నాలుకను కమ్మిగంటులోనికి నెట్టుచుండునట. రేకు ఆ నాలుకను వెనుకకు త్రోయును. చెవితో దానికి పనియే లేదు. తాళమును త్రిప్పి త్రిప్పి చూచితిని. సొట్ట లేదు, గీత లేదు.

దొంగలకు విద్య గరపుచున్నాడని నన్నెవరైన నందురేమో. 1851లో లండనులో పేరుమోసిన తాళములను తెరచి చూపిన హాబ్సు అను అమెరికావానినిగూడ అట్లే యనిరి. దొంగలకు ఇవి ముందే తెలియునని అతడు బదులు చెప్పెను. అతడు 25 నిమిషములలో తెరచిన తాళములలో చబ్‌వారిది యొకటి. 1818లో పుట్టిన ఆ తాళము, ఎవరైన దొంగచెవితో కదిలించినచో లోపల చిక్కువడి, యజమానికి ఆ సంగతి తెలుపును. నాది సంతలో బేరమాడి కొన్నది. దాని మౌనమునే నేను సాక్ష్యముగా గొంటిని.

మృచ్ఛకటికమును నేను పలుమారులు బోధించితిని. శర్విలకుడు గోడకు వేసిన కన్నము కన్నులయెదుట నున్నను, పేదను గనుక లోకము నన్నే శంకించునని చారుదత్తుడు వగచును. అచ్చట కన్నమైన నున్నది.

సొమ్ము తీసిన దెవరో నేటికిని తెలియదు. నాలుకకు మారుగా రెండు ఉక్కుగుండ్లు కమ్మిని ఇరుప్రక్కల బిగించు తాళ మొకటి కొంటిని. రేకు వానిని కదలింపజాలదు. దాని రెండవ చెవిని తీసికొని ఆమె యింటికి పోయితిని. రేకు సంగతియు, నా తప్పును చెప్పితిని. ఆమె చెవివంక చూచినది గాని చేయి చాపలేదు.

"పనికి వస్త సారూ. చెవి మాత్రం వద్దు. మీరు ఇంట్ల ఉన్నప్పుడే వస్త" అన్నది.