శాన్ ఆంటోనియోలో రెండు ‘ర’లు

టెక్సస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో ఉన్న కౌంటీ పేరు కూడబలుక్కుని చదివితే ‘బెక్సార్’. ఊళ్లోవాళ్లు మాత్రం ‘బేర్’ అంటారు, ఎలుగుబంటిని పిలిచినట్టు! స్పానిష్ నోట అదే ‘బేహార్’. 1718లో స్పెయిన్ వాళ్లు పెట్టిన ఊరిది. ఇప్పటికీ జనంలో సగానికి పైగా హిస్పానిక్‌లే.

ఎల్ మెర్కాడో అనే పాత బజారుకి వెళ్లాను. రంగుకాగితాల తోరణాలు, మట్టి బొమ్మలు... మన తిరునాళ్లే. ఒక కొట్లో బామ్మ, మనవరాలు కూర్చున్నారు. అమెరికన్లు ‘టాకో’ అంటారు కదా, ఆ పిల్ల ‘తాకో’ అంది. నాలుక పళ్లకు తగిలే ‘త’, అచ్చం మనదే! కానీ ‘ర’ దగ్గర చిక్కొచ్చింది. స్పానిష్‌లో ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే కుక్క. రెండోదానికి నాలుక గలగలా ఆడాలి. ఆమెకి రెండూ ఒక్కలాగే వచ్చాయి. మనమూ బండి ‘ఱ’ని మామూలు ‘ర’లో కలిపేసుకున్నవాళ్లమేగా!

ఇంట్లో భాష ఇలా సగం ఎందుకైంది? 1918లో టెక్సస్ బడుల్లో ఇంగ్లీషులోనే చదువు చెప్పాలని చట్టం చేశారు. బడిలో స్పానిష్ మాట్లాడిన పిల్లలకి దశాబ్దాలపాటు శిక్షలు పడ్డాయి. “నేను తిన్న దెబ్బలు నా పిల్లలు తినకూడదనుకున్నా. వాళ్లతో ఇంగ్లీషే మాట్లాడా” అంది బామ్మ. ఇప్పుడు ఆ మనవల్నే ‘నో సాబో’ పిల్లలని ఎగతాళి చేస్తారు. ‘నాకు తెలీదు’కి ‘నో సే’ అనాల్సింది ‘నో సాబో’ అంటారని!

అయినా చెవిన పడ్డది వృథా పోదు. 2002లో అచ్చైన ఓ అమెరికన్ పరిశోధన ఇదే తేల్చింది. చిన్నప్పుడు స్పానిష్ ఊరికే వింటూ పెరిగినవాళ్లు, పెద్దయ్యాక కాలేజీలో నేర్చుకుంటే, అప్పుడే మొదలెట్టినవాళ్ల కంటే బాగా పలికారు. వ్యాకరణంలో మాత్రం తేడా లేదు. అంటే, ముందు నిలిచేది ధ్వని.

డల్లాస్‌లో మన తెలుగిళ్ల పిల్లలు ‘పళ్లు’ని ‘పల్లు’ అంటే చుట్టాలు పకపకా నవ్వడం చూశాను. రెండుసార్లు నవ్వితే మూడోసారి ఆ పిల్లాడు ఇంగ్లీషులోకి మారిపోతాడు. శాన్ ఆంటోనియో బామ్మ మాత్రం నవ్వలేదు. మనవరాలు ‘పెరో’ అన్నప్పుడల్లా తను ‘పెర్రో’ అంటూ కబుర్లు సాగించింది. పిల్ల కూడా ఆపలేదు.