గోడ బీటలూ, పదిశాతం కట్టడీ

ఇంటి ఖరీదు పెరిగిందని దిగులుపడేవాళ్ళని నేను టెక్సాసులోనే చూశాను. మనవైపు పక్క స్థలం గజం ఎంతకు పోయిందో తెలిస్తే చాలు, మనింటికీ ఆ లెక్క కట్టేసుకుని ఆ పూట పప్పులో ఓ చెంచా నెయ్యి ఎక్కువ వేసుకుంటాం.

2022 ఏప్రిల్లో డాలస్ దగ్గర మా చెల్లెలింట్లో ఉన్నాను. ఆస్తి విలువ కట్టే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. క్రితం ఏడు 3,20,000 డాలర్లున్న ఇల్లు 4,30,000 అయిందట! "సంతోషించకక్కా, అమ్ముకుంటేగా ఆ డబ్బు? అంతవరకూ వంటింటి గట్టు కొరుక్కు తింటానా?" అంది మా చెల్లెలు.

అక్కడ జీతాల మీద రాష్ట్రం వేసే ఆదాయపు పన్ను లేదు. బడికీ, ఊరికీ, కౌంటీకీ కావలసిన డబ్బు చాలా భాగం ఇళ్ళ మీదే లాగుతారు. జనవరి 1న ఇల్లెంత చేస్తుందో అదే లెక్క. అయితే సొంత ఇంట్లో కాపురం ఉండేవారికి పన్ను వేసే విలువ ఏటా పది శాతం మించి పెరగకూడదని 1997లో ఓటర్లు కట్టడి పెట్టుకున్నారు. ఆ పుణ్యాన మా చెల్లెలికి 3,52,000 మీదే పన్ను పడింది. మిగిలిన విలువ ఎక్కడికీ పోదు, గూట్లో చద్దన్నంలా కూర్చుంటుంది. మరుసటేడు బజార్లో ఇంటి ధర కాస్త దిగినా, పన్ను విలువ మాత్రం 3,87,200కి ఎక్కింది!

ఆఫీసువారి లెక్క ఎక్కువనిపిస్తే మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ నేల బంకమట్టి. ఎండకు ముడుచుకుని, వానకు ఉబ్బి, పునాదుల్ని కదిలిస్తుంది. మా చెల్లెలు గోడ బీటలన్నిటికీ ఫోటోలు తీసింది. పెళ్ళివారొస్తున్నారంటే బీట మీద కేలండరు తగిలించే వంశం మాది! అదేమో పటాలన్నీ తీసి, బీటలు బాగా కనపడేలా లైటు వేసి మరీ తీసింది. నన్నడిగితే ఇంటి పరువు తీయడానికి ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టి ఉండరు.

పక్కింట్లో గుంటూరు పిల్ల ఉండేది. అదే నమూనా ఇల్లు, అవే గదులు. 2021లో కొనుక్కున్నారు. ఇల్లు చేతులు మారితే పాత కట్టడి పోతుంది; కొత్తవారికి సొంతింటి మినహాయింపు దొరికిన మొదటి ఏడు గడిచాక గానీ మళ్ళీ మొదలవదు. అంచేత 2022లో ఆ పిల్లకి 4,30,000 మీదే పన్ను. ఎవరింటి లెక్కయినా ఎవరైనా చూడొచ్చు అక్కడ. చూసింది. "అక్కా, ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం, మాకు 78,000 ఎక్కువేమిటి?" అంది. నూటికి రెండు చొప్పున వేసుకున్నా 1,560 డాలర్లు. పెద్దకోడళ్ళంతా వీధరుగెక్కి కూర్చుని, చాకిరీ కొత్తకోడలికి అప్పజెప్పినట్టు లేదూ?

కాలిఫోర్నియాలో 1978 నుంచి రెండు శాతమే కట్టడి. అక్కడ పాతవారికీ కొత్తవారికీ తేడా ఇంకా ఘోరం. 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, చెల్లుతుందనే తీర్పు వచ్చింది. చెల్లుతుంది సరే, ఆ పిల్లకేం చెప్పను? అలాగని కట్టడి తీసెయ్యమనడానికీ నాకు నోరు రాదు. వచ్చే జీతం పెరగకుండా ఇల్లు పెరిగినవాళ్ళు ఎక్కణ్ణించి తెస్తారు?

తరవాత 2023లోనూ, 2025లోనూ బడిపన్నులో మినహాయింపు పెంచారు, 40,000 నుంచి లక్షకీ, ఆ పైన 1,40,000కీ. ఆ పిల్ల అవసరం 2022లో. పన్ను ఇంటి అప్పు వాయిదాలోనే కలిసి నెలనెలా పోతుంది. నవంబరులో నెలలు నిండాయి. వాళ్ళమ్మకి వీసా ఉంది గానీ, టికెట్టు డబ్బు ఆ వాయిదాలో కలిసిపోయింది.

పదకొండు రోజులూ మా చెల్లెలే మిరియాల చారు కాచి, గిన్నె కొంగులో పెట్టుకుని పట్టుకెళ్ళింది.