ఇర్వింగ్‌లో రెండు డబ్ల్యూ-టూలు

2025 మార్చిలో ఒక శనివారం మావాడు "ట్యాక్స్ ఆఫీసుకి వెళ్తున్నా, వస్తావా నాన్నా?" అన్నాడు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చి నెల దాటింది. గుడి, పార్కు, ఇండియన్ షాపు తప్ప మరోటి చూళ్ళేదు. సరేనని చెప్పులేసుకున్నాను.

ఆఫీసంటే దోసెల హోటలుకీ కిరాణా కొట్టుకీ మధ్య రెండు గదులు. కుర్చీల్లో అంతా మనవాళ్ళే, ఒళ్ళో కాగితాల కవర్లతో. రిటర్నులు వేసే ఆవిడది తెనాలి. "రండి బాబాయ్ గారూ" అని నాకు కుర్చీ చూపించింది గానీ, చూపంతా మావాడి కాగితాల మీదే. నిరుడు మధ్యలో ఉద్యోగం మారాడు కాబట్టి డబ్ల్యూ-టూలు, అంటే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితాలు, రెండు. జీతం గడి వైపు కూడా చూడకుండా ఆవిడ సరాసరి 12వ గడికి వెళ్ళి, డి అక్షరం పక్కనున్న అంకె చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. ఒకదాంట్లో 15,400 డాలర్లు, రెండోదాంట్లో 11,200.

"కలిపితే 26,600. నీ వయసుకి 2024 పరిమితి 23,000. మూడువేల ఆరొందలు ఎక్కువ దాచావు తమ్ముడూ!"

దాచుకోవడం కూడా తప్పేనా అని నాకు నవ్వొచ్చింది. మన పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర దాటి కడితే పై మొత్తం వడ్డీ లేకుండా వెనక్కిస్తారు, అంతే. ఇక్కడి కంపెనీల రిటైర్మెంటు పొదుపు 401కెలో పరిమితి కంపెనీకి కాదు, మనిషికి. పాత కంపెనీ ఎంత కోసిందో కొత్త కంపెనీకి తెలీదు. లెక్క చూసుకోవాల్సింది జీతగాడే. ఎక్కువైనదాన్ని, దానిమీద వచ్చిన లాభంతో సహా, ఏప్రిల్ 15 లోపు వెనక్కి తీసుకోకపోతే ఒకే డబ్బుకి రెండుసార్లు పన్ను పడుతుంది: దాచిన ఏడాదికోసారి, రిటైరయ్యాక తీసుకున్నప్పుడు మళ్ళీ.

"గడువు పెంచమని ఎక్స్‌టెన్షన్ వేస్తే?" అన్నాడు మావాడు.

"అది రిటర్నుకి. దీనికి పనికిరాదు. ఫోన్ చేసి ఉత్త విత్‌డ్రాయల్ అనకు, మామూలు ఫారం పంపిస్తారు, పది శాతం పెనాల్టీ దాకా పోతుంది. 'ఎక్సెస్ డిఫరల్' అను. పాత కంపెనీ తన వంతు మ్యాచింగ్ ఇవ్వలేదుగా, అక్కణ్ణించే తీయించుకో."

ఆ 3,600 నిరుటి జీతంలో కలిపి రిటర్ను వేస్తుందట. లాభం మీద పన్ను మాత్రం డబ్బు చేతికొచ్చిన ఏడాదిలో.

మా తర్వాత కూర్చున్న జంటది రాత్ ఐఆర్ఏ, అంటే సొంతంగా తెరుచుకునే రిటైర్మెంటు ఖాతా, గొడవ. ఇద్దరి ఆదాయం కలిపి 2,40,000 డాలర్లు దాటింది, కాబట్టి వాళ్ళు వేసిన 7,000కి అసలు అర్హతే లేదు. అలాగే వదిలేస్తే ఏటా ఆరు శాతం, అంటే 420 డాలర్లు, తీసేదాకా కడుతూనే ఉండాలి. అయితే దాన్ని మామూలు ఐఆర్ఏలోకి మార్పించుకోవచ్చు, పైగా రిటర్ను వేళకి వేస్తే అక్టోబరు 15 దాకా వ్యవధి. వాళ్ళకున్న వెసులుబాటు మాకెందుకు లేదో నాకు బోధపడలేదు. అడిగితే ఆవిడ "చట్టం అంతే బాబాయ్ గారూ" అని ప్రింటర్ దగ్గరికి లేచింది.

ఆ సోమవారం మావాడు పాత కంపెనీ 401కె వాళ్ళకి ఫోన్ చేసి నలభై నిమిషాలు సంగీతం విన్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో చెక్కు పంపామని మెయిలొచ్చింది. పంపింది న్యూజెర్సీలో వాడు మూడేళ్ళ కిందట ఖాళీ చేసిన అపార్టుమెంటుకి. అడ్రసు మార్చనేలేదట, వెధవ! తెనాలి ఆవిడకి ఫోన్ చేశాం.

"గడువులోపు ప్లాన్లోంచి డబ్బు బయటికొచ్చిందిగా, కంగారేం లేదు. ముందు ఆ అపార్టుమెంట్లో ఇప్పుడెవరున్నారో కనుక్కోండి."