తలుపు వేసినా ఆగని అడుగులు

రెండో తరగతిలో నాకు జాంబీల కంటే కరెంటు కోతంటేనే ఎక్కువ భయం. ఖమ్మంలో మా ఇంట్లో డబ్బాలాంటి మానిటర్ ముందు కూర్చుని, అప్పుడు ఇంటర్ చదువుతున్న అన్నయ్య ‘రెసిడెంట్ ఈవిల్ 2’ ఆడేవాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, భయమేసినప్పుడల్లా అన్నయ్య చొక్కా పట్టుకునేవాణ్ణి. ఆ గేమ్‌లో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోవడం కుదరదు. టైప్‌రైటర్ కనబడాలి, దగ్గర ఇంకు రిబ్బన్ ఉండాలి. ఆ రిబ్బన్లేమో లెక్కపెట్టినన్నే దొరుకుతాయి. ఈలోపు కరెంటు పోయిందంటే యూపీఎస్ కీచుమని అరిచేది. “టైప్‌రైటర్ ఎక్కడన్నయ్యా!” అని నేను, “నోర్మూసుకోరా” అని అన్నయ్య.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1998లో ప్లేస్టేషన్ మీద తెచ్చిన గేమ్ ఇది. దర్శకుడు హిదేకి కామియా. రకూన్ సిటీ అనే అమెరికా ఊళ్లో వైరస్ పాకి జనం జాంబీలైపోతారు. డ్యూటీలో చేరే మొదటి రోజే లియోన్ అనే కుర్ర పోలీసు, తన అన్నని వెతుక్కుంటూ వచ్చిన క్లెయిర్ అనే కాలేజీ అమ్మాయి అందులో చిక్కుకుంటారు. ఇదే గేమ్‌ని క్యాప్‌కామ్ మళ్లీ పునాదుల నుంచి కట్టి 2019 జనవరిలో విడుదల చేసింది.

పాతదాంట్లో కెమెరా గోడకి మేకు కొట్టినట్టు ఉంటుంది. మలుపు అవతల ఏముందో కనబడదు, మూలుగు మాత్రం వినబడుతుంది. కొత్తదాంట్లో కెమెరా మన భుజం వెనకే ఉంటుంది, ఎటైనా తిప్పుకోవచ్చు. మరి భయం తగ్గిపోవాలి కదా? అందుకే చీకటి పెంచి చేతికి టార్చి ఇచ్చారు. వెలుగు పడినంత మేరే మన లోకం.

కానీ నన్నడిగితే అసలు తేడా తలుపుల్లో ఉంది. పాత గేమ్‌లో గది మారుతుంటే తెర నల్లబడి, ఒక తలుపు మెల్లగా తెరుచుకునేది. ఆ కాసేపట్లో మిషన్ తర్వాతి గదిని లోడ్ చేసుకునేది. మొదటి ప్లేస్టేషన్‌లో ఉన్న ర్యామ్ 2 ఎంబీ మరి! దానివల్ల మనకో మేలు జరిగింది. మామూలుగా అవతలి గదిలో జాంబీ అవతలే ఉండిపోయేది. తలుపు దాటగానే నేను అన్నయ్య చొక్కా వదిలేసేవాణ్ణి.

కొత్తదాంట్లో ఆ ఆగడం లేదు. జాంబీలు తలుపులు తోసుకుని వస్తాయి. వాటిని మించినవాడు మిస్టర్ ఎక్స్. పొడవాటి కోటు, టోపీ, కాల్చినా చావడు. పాత గేమ్‌లో రెండోసారి ఆడే కథలో మాత్రమే, నిర్ణయించిన చోట్లే ఎదురయ్యేవాడు. ఇప్పుడు స్టేషనంతా మనల్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. కనబడకపోయినా పై అంతస్తులో బూట్ల చప్పుడు ధన్ ధన్ మని వినబడుతూనే ఉంటుంది.

ఈ సంక్రాంతికి అన్నయ్య బెంగళూరు నుంచి వచ్చాడు. సెలవులు అయిపోయినా వెళ్లలేదు. “వర్క్ ఫ్రమ్ హోమ్” అన్నాడు గానీ, పని చేస్తున్నట్టు మాత్రం కనబడలేదు. ఒక రాత్రి నా ల్యాప్‌టాప్‌లో కొత్త గేమ్ పెట్టి ఇచ్చాను. మొదట సొంతింట్లో తిరిగినట్టు తిరిగాడు. “ఇక్కడ లిక్కర్ దూకుతుంది చూడు” అన్నాడు. దూకలేదు. ఆ సంగతి మర్చిపోయాక ఇంకోచోట ఎదురైంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత మిస్టర్ ఎక్స్ వచ్చాడు. అన్నయ్య అలవాటు కొద్దీ ఒక గదిలోకి దూరి తలుపేశాడు. ఆ తలుపు తీసుకుని వాడు వచ్చేశాడు. పరిగెత్తి పరిగెత్తి మెట్ల కింద ఉన్న డార్క్ రూమ్‌లో దూరాడు. టైప్‌రైటర్ ఉన్న ఆ చిన్న గదిలోకి మాత్రం వాడు రాడు. సేవ్ చేశాక అన్నయ్య కదల్లేదు. బయట బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది, దూరమవుతోంది.

“పద అన్నయ్యా, వెళ్లిపోయాడు.”

“కాసేపు ఇక్కడే ఉందాం రా.”

తెర వైపే చూస్తూ చెప్పాడు, నవంబర్‌లోనే ఉద్యోగం పోయిందని. రోజూ అప్లై చేస్తున్నాడట. నాన్నకి ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలు మోశాడట. “పాతదాంట్లో తలుపేస్తే అయిపోయేది రా. ఇప్పుడు బెంగళూరులో రూమ్ తలుపేసుకున్నా వినబడుతూనే ఉంది” అన్నాడు.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. అన్నయ్య చొక్కా పట్టుకున్నాను. ఇరవై ఏళ్లొచ్చాక అలా పట్టుకోవడం కొంచెం సిగ్గుగానే అనిపించింది. అన్నయ్య విడిపించుకోలేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర నాన్నకి చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ముందు ఇడ్లీ తిను” అన్నాడు.

రెండు గేముల్లో ఏది గొప్ప అని మా హాస్టల్లో ఇప్పటికీ వాదనలే. నాకు పాతదే ఇష్టం, ఎందుకంటే అందులో నా వయసు ఏడేళ్లు. కానీ కొత్తది అబద్ధం చెప్పలేదు.

అన్నయ్య ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. మొన్న ఫోన్‌లో అడిగాడు, “వాడింకా బయటే తిరుగుతున్నాడా?”

“తిరుగుతున్నాడు. సేవ్ అలాగే ఉంది. నువ్వొచ్చాకే తలుపు తీద్దాం.”